థియేటర్ పైప్ ఆర్గాన్ పేరుతో ఆన్‌లైన్ మోసాలు: పట్టుకోవడం ఎలా

పాత సినిమా థియేటర్ల పైప్ ఆర్గాన్ల మీద, అంటే గాలి పంపితే పలికే పైపుల పెద్ద వాద్యాల మీద, మనసు పారేసుకున్నవాళ్ళు అమెరికాలో కొద్దిమందే. ఆ కొద్దిమందినీ వెతుక్కుంటూ మోసగాళ్ళు వస్తున్నారు. నేను వారమంతా ఒక బ్యాంకులో మోసాల ఫిర్యాదులు చూసే విభాగంలో పనిచేస్తాను. శనివారాలు మాత్రం ఒక పాత థియేటర్‌లో ఆర్గాన్ బాగుచేసే వాలంటీర్లతో గడుపుతాను. చిరిగిన తోలు మార్చడం, పైపుల దుమ్ము దులపడం, తీగలు సరిచూడటం నా వంతు పని. కొంతకాలంగా ఆర్గాన్ మిత్రులు నాకు లింకులు పంపి "ఇది నిజమైన ప్రకటనేనా, ఒకసారి చూసి చెప్పండి" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ చెబుతున్నదంతా ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

ఇందులో నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. మోసగాడికి డబ్బు లాగడం బాగా తెలుసు, ఆర్గాన్ తెలియదు. కాబట్టి ఈ వాద్యం గురించి మీరు ఎంత తెలుసుకుంటే అతనికి అంత ఇబ్బంది. డబ్బు జాగ్రత్తల కంటే ముందు వాద్యం సంగతి చెబుతాను.

అసలు వాద్యం ఎలా ఉంటుంది

మూకీ సినిమాల రోజుల్లో తెర ముందు వాద్యబృందం కూర్చుని సంగీతం వాయించేది. అంతమంది పని ఒక్క మనిషి చేసేలా థియేటర్ ఆర్గాన్ తయారైంది. రాబర్ట్ హోప్-జోన్స్ అనే ఇంగ్లీషు టెలిఫోన్ ఇంజనీరు, మీట నొక్కితే కరెంటు తీగ ద్వారా ఎక్కడో ఉన్న పైపు పలికే పద్ధతిలో ఆరితేరినవాడు. 1903లో అమెరికా వచ్చాడు. 1910లో వుర్లిట్జర్ కంపెనీ ఆయన వ్యాపారాన్ని కొనుక్కుని, న్యూయార్క్ రాష్ట్రంలోని నార్త్ టొనవాండా ఫ్యాక్టరీలో ఈ వాద్యాలు కట్టడం మొదలుపెట్టింది. మొత్తం 2,200కు పైగా కట్టింది. రాబర్ట్ మోర్టన్, బార్టన్, కింబాల్, మోలర్, మార్ అండ్ కోల్టన్ లాంటి కంపెనీలూ ఇదే పని చేశాయి. 1927 తర్వాత మాటల సినిమాలు వచ్చి వీటి అవసరాన్ని తుడిచేశాయి. చాలా ఆర్గాన్లు తుక్కు కింద పోయాయి. కొన్ని చర్చిలకీ ఇళ్ళకీ చేరాయి. 1960లు, 70లలో కొన్ని పిజ్జా హోటళ్ళలో కూడా మోగాయి. వీటిని కాపాడుకోవాలన్న అభిమానులు 1955లో ఒక సంఘం పెట్టుకున్నారు. ఇప్పటి అమెరికన్ థియేటర్ ఆర్గాన్ సొసైటీ అదే.

మోసాలు పట్టుకోవడానికి ఈ చరిత్ర ఎందుకు కావాలంటే, మీట ఒకచోట, పైపు మరోచోట అన్న ఒక్క విషయంతోనే సగం దొంగ ఫోటోలు బయటపడతాయి. ఆర్గనిస్టు కూర్చునేదాన్ని కన్సోల్ అంటారు. గుర్రపు నాడా ఆకారంలో వంపు తిరిగి, ఆ వంపు పొడవునా, ఏ పైపులు పలకాలో ఎంచుకునే రంగురంగుల స్టాప్ ట్యాబులు ఉంటాయి. పైపులు మాత్రం వేదికకు అటూ ఇటూ ఉండే గదుల్లో, అలంకారపు జాలీల వెనక దాగి ఉంటాయి. ఆ గదుల్ని ఛాంబర్లు అంటారు. ఛాంబర్ ముందుండే చెక్క రెక్కలు తెరుచుకుంటూ మూసుకుంటూ ధ్వనిని పెంచుతాయి, తగ్గిస్తాయి. ప్రేక్షకుడికి పైపులు దాదాపు కనిపించవు. కాబట్టి "1926 నాటి థియేటర్ ఆర్గాన్" అని రాసి, నాడా కన్సోల్ వెనకాలే బంగారు రంగు పైపులు వరసగా మెరుస్తున్న ఫోటో పెడితే నాకు వెంటనే అనుమానం వస్తుంది. చర్చి ఆర్గాన్‌నీ థియేటర్ ఆర్గాన్‌నీ కలిపి కంప్యూటర్ అల్లిన బొమ్మ అయ్యే అవకాశం ఎక్కువ.

రెండో పరీక్ష ర్యాంకులు. ఒకే రకం స్వరమిచ్చే పైపుల వరసను ర్యాంకు అంటారు. థియేటర్ ఆర్గాన్ గొప్పతనమంతా పొదుపులో ఉంది: ఒకే ర్యాంకును 16 అడుగుల స్థాయిలో, 8 అడుగుల స్థాయిలో, 4లో, 2లో వేర్వేరు ట్యాబుల ద్వారా వాడుకుంటుంది (అడుగులు తగ్గేకొద్దీ స్వరం పై స్థాయికి వెళ్తుంది). అందుకే కన్సోల్ మీద వందకు పైగా ట్యాబులున్నా లోపల ర్యాంకులు పదో పదిహేనో ఉండొచ్చు. వుర్లిట్జర్ స్టైల్ డి అనే చిన్న నమూనాకు రెండు మాన్యువళ్ళు (చేతులతో వాయించే మీటల వరసలు), ఆరు ర్యాంకులు. అభిమానులు దాన్ని 2/6 అని రాస్తారు. స్టైల్ 260 అయితే 3/15. న్యూయార్క్ రేడియో సిటీ మ్యూజిక్ హాల్‌లో 1932 నాటి వుర్లిట్జర్‌కు రెండు కన్సోళ్ళు ఉన్నాయి, ర్యాంకులు 58. అట్లాంటా ఫాక్స్ థియేటర్‌లో 1929 నాటి మోలర్‌కు 42 ర్యాంకులు, 3,622 పైపులు. ఈ లెక్కలు మనసులో ఉంటే "200 ర్యాంకుల అరుదైన వుర్లిట్జర్, 9,000 డాలర్లే" అనే ప్రకటన చూడగానే రాసినవాళ్ళకి ట్యాబుకీ ర్యాంకుకీ తేడా తెలియదని అర్థమవుతుంది.

తెలియకపోవడం ఒక్కటే మోసానికి గుర్తు అనుకోవద్దు. తాతగారి ఇంటి నేలమాళిగలో ఆర్గాన్ వారసత్వంగా దొరికిన మనవరాలికి కూడా ర్యాంకు అంటే ఏమిటో తెలియదు. ఆమె "నాకు తెలీదండీ, మీరే వచ్చి చూసుకోండి" అంటుంది. మోసగాడు ఆ మాట అనడు. మనం ఏది అడిగినా సరేనంటాడు, లేదా మాట మార్చి డబ్బు దగ్గరికి తెస్తాడు. నేను గమనించే తేడా ఇదే.

మూడోది, పేరు ఒకటే కావడం వల్ల వచ్చే గందరగోళం. వుర్లిట్జర్ కంపెనీ 1940ల చివరి నుంచి ఇళ్ళలో పెట్టుకునే ఎలక్ట్రానిక్ ఆర్గాన్లు కూడా అమ్మింది. వాటిలో ఒక్క పైపు కూడా ఉండదు, స్పీకరే పలుకుతుంది. వాటిని "అసలైన వుర్లిట్జర్ థియేటర్ ఆర్గాన్" అని వేలల్లో ధర పెట్టేవాళ్ళున్నారు. కొందరు తెలియక, కొందరు తెలిసే. స్పినెట్ అనే ఇంటి చిన్న ఆర్గాన్‌కు సాధారణంగా 44 మీటల వరసలు రెండు, ఒకదానికొకటి కాస్త పక్కకి జరిగి ఉంటాయి. కాళ్ళ దగ్గర 13 పొట్టి పెడళ్ళు ఉంటాయి. పైప్ ఆర్గాన్ కన్సోల్‌కు ప్రతి మాన్యువల్‌లో 61 మీటలు, కింద సాధారణంగా 32 పెడళ్ళు ఉంటాయి. ఫోటోలో లెక్కపెట్టుకోండి. లెక్కపెట్టడానికి వీలుగా ఫోటో లేకపోతే ఇంకోటి అడగండి.

ఫోటోను నమ్మే ముందు

ఫోటో ఇంకెక్కడ కనిపిస్తుందో చూపే గూగుల్ లెన్స్‌లోనో టిన్‌ఐలోనో వేసి వెతకండి. దొంగ ప్రకటనల్లో ఎక్కువ భాగం ఎవరో కచేరీకి వెళ్ళి తీసిన ఫోటోలతో నడుస్తాయి. కొలంబస్ నగరపు ఒహాయో థియేటర్‌లోని 1928 నాటి రాబర్ట్ మోర్టన్, రిచ్‌మండ్ బర్డ్ థియేటర్‌లోని 1928 నాటి వుర్లిట్జర్ ఇప్పటికీ అవి పుట్టిన థియేటర్లలోనే ఉన్నాయి. అలాంటి కన్సోల్ ఫోటో అమ్మకానికి కనిపిస్తే నేరుగా ఆ థియేటర్‌కు ఫోన్ చేయండి. నంబరు ప్రకటనలోంచి తీసుకోవద్దు, థియేటర్ సొంత వెబ్‌సైట్‌లోంచి తీసుకోండి. ఇంకో చిన్న గుర్తు: కన్సోల్ చుట్టూ రంగు దీపాలతో వెలిగే గాజు అంచులుంటే అది ఇంగ్లండ్‌లోని కాంప్టన్ కంపెనీ శైలి. అలాంటిది ఇండియానాలో ఒక గిడ్డంగిలో ఉందంటే, సముద్రం ఎప్పుడు దాటిందో, ఎవరు తెచ్చారో అడగాల్సిందే.

కంప్యూటర్ అల్లిన బొమ్మలు ఇప్పుడు బాగా పెరిగాయి. వాటికి నా దగ్గరున్న మొదటి పరీక్ష నల్ల మీటలు. నిజమైన మీటల వరసలో నల్లవి రెండు, మూడు, రెండు, మూడు చొప్పున గుంపులుగా ఉంటాయి. 61 మీటల్లో తెల్లవి 36, నల్లవి 25. బొమ్మల్లో ఈ వరస తరచుగా తప్పుతుంది. తర్వాత ట్యాబుల మీది అక్షరాలు పెద్దవి చేసి చూడండి. టిబియా క్లాసా, వాక్స్ హ్యూమానా, టూబా, డయాఫోన్, కినూరా లాంటి ర్యాంకుల పేర్లూ, పక్కన 16, 8, 4 అంకెలూ చదవగలిగేలా ఉండాలి. అక్షరాలు కరిగిపోయినట్టు ఉంటే అక్కడే ఆపేయండి. అయితే బొమ్మలు గీసే యంత్రాలు రోజురోజుకీ మెరుగవుతున్నాయి. ఫోటో పరీక్షలో నెగ్గితే సరిపోయిందనుకోవద్దు.

అన్నిటికంటే నేను నమ్మేది వీడియో కాల్. అదీ రికార్డు చేసి పంపిన వీడియో కాదు, అప్పటికప్పుడు మీరు చెప్పింది చేసి చూపే కాల్. ఇలా అడగండి: "ఎడమవైపు చివర నుంచి మూడో ట్యాబ్ కిందికి నొక్కి, దాని మీద ఏముందో చదవండి. ఇప్పుడు ఛాంబర్‌లోకి వెళ్ళి ఒక పైపు మీద చెక్కిన స్వరాక్షరం చూపించండి. బ్లోయర్ మోటార్ మీద ఉన్న రేకు పలక దగ్గరికి కెమెరా తీసుకెళ్ళండి." పైపులకు గాలి పంపేది బ్లోయర్. బ్లోయర్ ఎన్ని హార్స్‌పవరో, త్రీ ఫేజో కాదో ఆ పలక మీద ఉంటుంది. అమెరికా ఇళ్ళకి మామూలుగా త్రీ ఫేజ్ కరెంటు రాదు గనుక నిజంగా కొనే మనిషి ఎలాగూ ఆ ప్రశ్న అడుగుతాడు. నిజంగా అమ్మే మనిషికి అది వింతగా అనిపించదు. ఆర్గాన్ విప్పి గిడ్డంగిలో పెట్టి ఉంటే ఇంకా తేలిక. పైపుల పెట్టెలు, విండ్ చెస్టులు (పైపులు నిలబడే గాలి పెట్టెలు), రిలే (మీట నుంచి వచ్చే సంకేతాన్ని పైపులకు పంచే భాగం) ఒక్కొక్కటీ చూపమనండి. "కెమెరా పాడైంది", "నేను ఊళ్ళో లేను, మా మేనేజర్ చూసుకుంటాడు" అన్న జవాబు వస్తే మర్యాదగా నమస్కారం పెట్టి ముగించండి.

ఓపస్ నంబరు కూడా అడగండి. వుర్లిట్జర్ కట్టిన ప్రతి పైప్ ఆర్గాన్‌కూ ఒక ఓపస్ నంబరు, అంటే కంపెనీ ఇచ్చిన వరస సంఖ్య, ఉండేది. ఏ నంబరు ఏ ఊరి ఏ థియేటర్‌కు ఏ ఏడాది వెళ్ళిందో అభిమానులు తయారుచేసిన జాబితాలున్నాయి. చెప్పిన నంబరు, చెప్పిన ఊరు, ఏడాది కలుస్తున్నాయా చూడండి. కలవలేదని వెంటనే దొంగ అనేయలేం. ఎందుకంటే చాలా ఆర్గాన్లను విడగొట్టి, ఒక దాని కన్సోల్‌ను ఇంకోదాని పైపులతో కలిపారు. కానీ నిజాయితీపరుడైన యజమానికి ఆ కథ ఎంతో కొంత తెలిసుంటుంది, చెప్పడానికి ఉత్సాహపడతాడు కూడా. ఆర్గాన్ ఉన్నవాళ్ళని దాని గురించి మాట్లాడకుండా ఆపడమే కష్టం.

ఉచితంగా ఇస్తాం, రవాణా ఖర్చు పెట్టుకోండి

ఈ మోసం గురించి కాస్త ఎక్కువ రాస్తాను. మనవాళ్ళు ఎక్కువగా పడేది ఇందులోనే, పడటానికి కారణం కూడా ఉంది.

చనిపోయిన భర్త పియానో ఉచితంగా ఇస్తామంటూ మెయిల్ పంపి, రవాణా కంపెనీకి డబ్బు కట్టమనే మోసం అమెరికా, కెనడాల్లో పాతుకుపోయింది. ప్రూఫ్‌పాయింట్ అనే సైబర్ భద్రతా సంస్థ 2024లో దీనిమీద హెచ్చరిక ఇచ్చింది. ఎక్కువగా విశ్వవిద్యాలయాల విద్యార్థులకూ అధ్యాపకులకూ ఆ మెయిళ్ళు వెళ్ళాయి. పియానో అన్నచోట ఆర్గాన్ అని పెడితే మన దగ్గరికొచ్చే మెయిల్ తయారు.

"ఉచితం అన్నారంటే మోసమే" అని బ్యాంకులో నేను అందరికీ చెప్పగలను. ఆర్గాన్ల విషయంలో చెప్పలేను. నిజంగానే ఆర్గాన్లు ఉచితంగా చేతులు మారుతుంటాయి. ఇల్లు అమ్మాల్సి వచ్చిన కుటుంబం, మూతపడుతున్న చర్చి, గోడలు కూల్చబోతున్న హాలు, ఎవరైనా తీసుకెళ్తే చాలనుకుంటాయి. తెచ్చుకునే ఖర్చు వాద్యం ధర కంటే ఎక్కువ కావడం మామూలే. దీన్ని చెత్తలోకి పోనివ్వకూడదన్న తపన మనకు ఉంటుంది. మోసగాడు పట్టుకునేది ఆ తపననే. "శుక్రవారం కూల్చేస్తున్నారు, ఎవరూ రాకపోతే తుక్కువాడికి ఇచ్చేస్తాం" అన్న వాక్యం చదివాక మనలో ఎవరికీ నిద్ర పట్టదు.

తపన తప్పు కాదు. దాంతోపాటే ఈ పనులు చేయండి. కూల్చివేత నిజమైతే ఆ నగరపు బిల్డింగ్ విభాగంలో అనుమతి పత్రం ఉంటుంది. ఫోన్ చేస్తే చెబుతారు, చాలా నగరాల్లో ఆన్‌లైన్‌లోనే కనిపిస్తుంది. ఇల్లయితే కౌంటీ ఆస్తి రికార్డుల్లో యజమాని పేరు, మీతో మాట్లాడుతున్న పేరు పోల్చుకోండి. ఆ ఊరికి దగ్గరలో ఉన్న ఆర్గాన్ సొసైటీ శాఖకు రాసి, ఎవరైనా వెళ్ళి చూసి రాగలరా అని అడగండి. ఇలాంటి పనికి మనవాళ్ళు ఆనందంగా కారెక్కుతారు.

ఇక రవాణా. పైప్ ఆర్గాన్ హార్మోనియం పెట్టెలా చంకలో పెట్టుకుని వచ్చేది కాదు. చిన్న 2/6 వాద్యమైనా కన్సోల్, విండ్ చెస్టులు, గాలి రెగ్యులేటర్లు, స్వరాన్ని వణికించే ట్రెములెంట్లు, బ్లోయర్, వందల పైపులు, డ్రమ్ములు, గంటలు, అన్నీ కలిపి టన్నుల బరువు. విప్పే ముందు ప్రతి తీగకూ ప్రతి పైపుకూ చీటీ కట్టాలి. లోహపు పైపులు తగరం, సీసం కలిసినవి, మెత్తగా ఉంటాయి. వాటికి తగిన పెట్టెలు చేయించి పడుకోబెట్టాలి. తెలిసిన మనుషులు రోజుల తరబడి చేసే పని ఇది. చూడకుండా, ఎన్ని ర్యాంకులో అడగకుండా "ఇంటి గుమ్మం దాకా 850 డాలర్లు, నాలుగు రోజుల్లో" అన్న రవాణా సంస్థ ఏదైనా అబద్ధమే. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి సామాను చేరవేసే సంస్థకు యూఎస్‌డాట్ నంబరు (అమెరికా రవాణా శాఖ ఇచ్చే నమోదు సంఖ్య) ఉండాలి. ఫెడరల్ మోటార్ క్యారియర్ సేఫ్టీ అడ్మినిస్ట్రేషన్ సైట్‌లో ఆ నంబరు కొట్టి, పేరూ చిరునామా ఫోనూ కలుస్తున్నాయా చూడండి. నంబరు నిజమైనదే అయినా అది వేరే కంపెనీ నుంచి ఎత్తుకొచ్చింది కావచ్చు. కాబట్టి ప్రభుత్వ సైట్‌లో ఉన్న ఫోన్‌కే చేయండి. ఇవన్నీ ఎందుకనుకుంటే ఒకే షరతు పెట్టండి: "రవాణా నేనే కుదుర్చుకుంటాను." నిజమైన దాత సంతోషిస్తాడు. మోసగాడు, తన కంపెనీకి ఇప్పటికే సగం డబ్బు కట్టేశానని కథ మొదలుపెడతాడు.

డబ్బు ఏ దారిన వెళ్తోంది

వాద్యం నిజమైనదని తేలినా డబ్బు జాగ్రత్త తప్పదు. గిఫ్ట్ కార్డుతో ఆర్గాన్ కొనమన్నవాడు మోసగాడే, ఇందులో మినహాయింపు లేదు. క్రిప్టో అడిగితే అదే మాట. వైర్ బదిలీ, జెల్ (బ్యాంకుల ద్వారా వెంటనే డబ్బు పంపే సేవ) లాంటివి తెలిసినవాళ్ళకి పంపుకోవడానికి పనికొస్తాయి. మీ చేత్తో మీరే పంపాక వెనక్కి రప్పించడం చాలా కష్టం. పేపాల్‌లో "స్నేహితులు, కుటుంబం" పద్ధతిలో పంపమంటే, ఫీజు ఆదా చేద్దామన్న మాట వెనక మీ కొనుగోలు రక్షణ తీసేస్తున్నారని గుర్తించండి. విడి పైపుల ర్యాంకు, కన్సోల్ బల్ల, గంటల సెట్టు లాంటి చిన్న కొనుగోళ్ళకి క్రెడిట్ కార్డు మేలు. పెద్ద మొత్తమైతే వెళ్ళి చూసి, చేత్తో తాకి, రాతపూర్వకంగా కాగితం రాయించుకుని అప్పుడు ఇవ్వండి.

బయానా కోసం తొందరపెట్టడం అన్ని మోసాల్లోనూ ఉంటుంది. ఆర్గాన్ లోకంలో దానికి కొన్ని అలవాటు మాటలున్నాయి: టెక్సాస్ నుంచి ఆర్గాన్లు సేకరించే ఒకాయన రేపే వస్తున్నాడని, బ్రాస్ ట్రంపెట్ ర్యాంకు ఒక్కటే విడిగా అడుగుతున్నారని, ఈ వారాంతంలో విడగొట్టేస్తామని. వుర్లిట్జర్ బ్రాస్ ట్రంపెట్, బ్రాస్ శాక్సఫోన్ ర్యాంకుల మీద అందరికీ మోజుంది గనుక ఆ పేర్లు వాడతారు. అది చదివి తొందర పుడితే, అమ్మే మనిషిని ఆ ర్యాంకు ఫోటోలు అడగండి, ఎన్ని పైపులున్నాయో అడగండి.

ఎస్క్రో సంస్థలో (బేరం పూర్తయ్యేదాకా డబ్బు దాచే మధ్యవర్తి దగ్గర) డబ్బు పెడదామని అవతలివాళ్ళే చెప్పి, వాళ్ళే లింకు పంపితే ఆ లింకు తెరవకండి. ఎస్క్రో పేరుతో దొంగ సైట్లు పెట్టడం పాత పద్ధతి. ఎస్క్రో కావాలనుకుంటే మీరే ఎంచుకుని, చిరునామా మీరే టైపు చేసి, ఆ సంస్థకు లైసెన్సు ఉందో లేదో రాష్ట్ర ఆర్థిక నియంత్రణ విభాగంలో చూసుకోండి.

అమ్మేవాళ్ళకి వచ్చే చెక్కు

అమ్మేవాళ్ళకి ఎదురయ్యే మోసం వేరు, నా ఉద్యోగంలో దాన్ని దగ్గరగా చూస్తుంటాను. కొనే మనిషి బేరం ఆడడు, వాద్యం గురించి ఒక్క ప్రశ్న వేయడు, వెంటనే క్యాషియర్స్ చెక్కు (బ్యాంకే హామీగా ఇచ్చే చెక్కు) పంపుతాడు. చెక్కులో మొత్తం అడిగినదానికంటే ఎక్కువ ఉంటుంది. మిగిలింది రవాణావాళ్ళకి పంపేయమంటాడు. మీరు చెక్కు వేస్తారు, మర్నాడో ఆ తర్వాతి రోజో ఖాతాలో డబ్బు కనిపిస్తుంది, మిగిలింది పంపేస్తారు. చెక్కు దొంగదని తేలడానికి వారాలు పట్టవచ్చు. తేలిన రోజున బ్యాంకు ఆ మొత్తం మీ ఖాతాలోంచి తీసుకుంటుంది. మీరు పంపిన డబ్బు అప్పటికే పోయింది.

భర్త పోయాక నేలమాళిగలోని ఆర్గాన్ అమ్మాలనుకున్న ఒక పెద్దావిడ ఇలాంటి చెక్కు పట్టుకుని వచ్చారు. ఆవిడ మోసాన్ని పసిగట్టింది చెక్కు చూసి కాదు. "ముప్పై ఏళ్ళు మా ఆయన దీని గురించి మాట్లాడని మనిషి లేడు. ఇతను మాత్రం కనీసం మోగుతుందా అని కూడా అడగలేదమ్మా" అన్నారు. చెక్కు జారీచేసినట్టున్న బ్యాంకుకు, చెక్కు మీదున్న నంబరుకు కాకుండా ఆ బ్యాంకు అసలు నంబరుకు ఫోన్ చేసి అడిగాం. అలాంటి చెక్కు తాము ఇవ్వలేదన్నారు. మీరూ అలాగే అడగండి. "ఖాతాలో డబ్బు పడిందా" అని బ్యాంకులో అడగడం వేరు, "ఈ చెక్కు నిజంగా చెల్లిందా" అని అడగడం వేరు. రెండోదే అడగండి. ఎక్కువొచ్చిన మొత్తాన్ని ఎవరికీ ఎప్పుడూ తిరిగి పంపొద్దు.

విరాళాలు, టిక్కెట్లు, ప్రత్యక్ష ప్రసారాలు

ఆర్గాన్ బాగుచేస్తున్నామని విరాళం అడిగితే సంస్థ పేరు అడిగి అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ వారి ట్యాక్స్ ఎగ్జెంప్ట్ ఆర్గనైజేషన్ సెర్చ్‌లో వెతకండి. చాలామంది వాలంటీర్ల సంఘాలు అందులో కనిపిస్తాయి, వాటి వార్షిక పత్రాలు కూడా దొరుకుతాయి. తర్వాత ఆ థియేటర్‌కు ఫోన్ చేసి, ఈ విరాళాల సేకరణ మీకు తెలిసే జరుగుతోందా అనడగండి. థియేటర్ ఫోటోలు పెట్టుకుని థియేటర్‌కే తెలియకుండా సాగే సేకరణలు ఉంటాయి. వివరంగా ఖర్చు అడగడం కూడా మంచిది. నిజమైన బృందం ఎన్ని న్యుమాటిక్‌లకు (గాలితో కదిలే చిన్న తోలు తిత్తులకు) తోలు మార్చాలో, రిలే ఎందుకు మార్చాలో ఒక పేజీ రాసి పంపుతుంది.

మూకీ సినిమాకు ఆర్గాన్ వాయించే కార్యక్రమాల టిక్కెట్లు థియేటర్ సొంత సైట్ నుంచే కొనండి. వెతికితే పైన వచ్చే ప్రకటన లింకు చాలాసార్లు వేరేవాళ్ళది. ఫేస్‌బుక్‌లో కార్యక్రమం పేజీ కింద "లైవ్ ఇక్కడ చూడండి" అని కార్డు వివరాలు అడిగే లింకులన్నీ వదిలేయండి.

సంఘానికి వచ్చే మెయిళ్ళు

చిన్న సంఘాల కోశాధికారులకు అధ్యక్షుడి పేరుతో మెయిల్ వస్తుంది: "మీటింగ్‌లో ఉన్నాను, ఫోన్ చేయొద్దు, ఒక సభ్యుడికి ఇవ్వడానికి గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు పంపండి." పేరు సరిగ్గానే ఉంటుంది, పేరు వెనకున్న మెయిల్ చిరునామా వేరే ఉంటుంది. దీన్ని ఇప్పుడు చాలామంది గుర్తుపడుతున్నారు.

నన్ను ఎక్కువ భయపెట్టేది ఇంకోటి. పైపులు బాగుచేసే వర్క్‌షాపుతో మీరు ఎన్నాళ్ళుగానో పనిచేస్తున్నారు. పని సగంలో ఉంది, రెండో విడత కట్టాలి. అదే మెయిల్ చిరునామా నుంచి, అదే సంభాషణ కింద, "మా బ్యాంకు మారింది, కొత్త ఖాతాకు పంపండి" అని వస్తుంది. వర్క్‌షాపువాళ్ళ మెయిల్‌లోకి ఎవరో చొరబడి, మీ ఉత్తరాలన్నీ చదివి, బిల్లు నమూనా కూడా దించుకుని పంపింది అది. ఏ ర్యాంకు పని జరుగుతోందో కూడా అందులో ఉంటుంది. ఇక్కడ నేను పైన చెప్పిన వాద్య జ్ఞానమేదీ పనికిరాదు. ఒక్క అలవాటే కాపాడుతుంది: ఖాతా నంబరు మారిందని ఏ దారిన తెలిసినా, మీ దగ్గర పాతగా ఉన్న ఫోన్ నంబరుకు చేసి, తెలిసిన గొంతు విని నిర్ధారించుకున్నాకే పంపాలి. మా బృందంలో కోశాధికారిని ఇద్దరు సంతకం చేస్తేనే పెద్ద చెల్లింపు చేసేలా నియమం పెట్టమని పట్టుబట్టాను, పెట్టారు. మీ సంఘంలోనూ పెట్టించండి.

సమావేశాలకు నమోదు చేసుకున్నాక, "సమావేశం తరఫున హోటల్ గదులు మేమే ఇస్తున్నాం" అని ఫోన్ వస్తే సమావేశం సొంత పేజీలో ఉన్న హోటల్‌కే చేసుకోండి.

డబ్బు వెళ్ళిపోయిందని తెలిస్తే

సిగ్గుపడి ఆగిపోకండి, గంటలు లెక్క. కార్డు వెనకనో బ్యాంకు యాప్‌లోనో ఉన్న నంబరుకు చేసి మోసం అని చెప్పండి. వైర్ పంపి ఉంటే దాన్ని వెనక్కి పిలవమని గట్టిగా అడగండి. పంపిన రోజే అడిగితే ఆశ ఉంటుంది. ఎఫ్‌బీఐ వారి ఇంటర్నెట్ నేరాల ఫిర్యాదుల ఐసీ3 సైట్‌లోనూ, ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వారి రిపోర్ట్‌ఫ్రాడ్ సైట్‌లోనూ ఫిర్యాదు పెట్టండి. ఐసీ3 ఫిర్యాదులో అవతలి ఖాతా నంబరు, బ్యాంకు పేరు, పంపిన తేదీ, మొత్తం స్పష్టంగా రాయండి. క్రెడిట్ కార్డు మీద కట్టి ఉంటే, ఆ ఖర్చు మొదటిసారి కనిపించిన బిల్లు పంపిన 60 రోజుల్లోగా రాతపూర్వకంగా వివాదం నమోదు చేయాలి. గిఫ్ట్ కార్డయితే కార్డు కంపెనీకి ఫోన్ చేయండి, రసీదు దాచండి. ప్రకటన, మెయిళ్ళు, ఫోటోలు తీసేసేలోపే స్క్రీన్ షాట్లు తీసిపెట్టుకోండి.

కొన్ని రోజులకు ఇంకొకరు వస్తారు: మీ డబ్బు రాబట్టిపెడతాం, ముందు ఫీజు కట్టండి అని. లాయరునంటారు, కొన్నిసార్లు ప్రభుత్వ శాఖ పేరే చెబుతారు. వాళ్ళకి మీ పేరు ఎలా తెలిసిందో ఆలోచించండి. మోసపోయినవాళ్ళ జాబితాలు కూడా అమ్ముడుపోతాయి. ప్రభుత్వ శాఖలేవీ డబ్బు రాబట్టడానికి ముందుగా ఫీజు అడగవు.

ఎవరి ఫోటోలు వాడి ప్రకటన పెట్టారో తెలిస్తే ఆ థియేటర్‌కూ, ఆ ఫోటో తీసిన మనిషికీ ఒక మాట రాయండి. మీ శాఖ సభ్యులకు ప్రకటన స్క్రీన్ షాట్, వాడిన పేరు, ఫోన్ నంబరు పంపండి. పేరు మారుతుంది గానీ ఫోటోలు అవే తిరుగుతుంటాయి. మా బృందం వాటిని ఒక ఫోల్డర్‌లో దాచుతోంది. కొత్త లింకు వచ్చినప్పుడు నేను మొదట వెతికేది అందులోనే.